కుచ్చు బాతు ముచ్చటగానే ఉంటుంది, గుడ్డులో చచ్చేది దాని పిల్లే

ప్రశ్న: మా దగ్గర 48 ఖాకీ క్యాంప్‌బెల్ ఆడబాతులు, 4 మగబాతులు ఉన్నాయి. మూడేళ్ల కిందట నెత్తిన కుచ్చున్న మగబాతును ఒకదాన్ని కొని మందలో వదిలాను. ఇప్పుడున్న నాలుగు మగవీ దాని కొడుకులే, నాలుగింటికీ కుచ్చుంది. ఆడవాటిలో సగానికి వచ్చింది. ఇంక్యుబేటర్లో 100 గుడ్లు పెడితే 30 పిల్ల పట్టకుండానే పోతున్నాయి. 18 దాకా పిల్ల తయారయ్యాక లోపలే చస్తున్నాయి. పుట్టిన వాటిలో కొన్ని తల వణికిస్తూ వెనక్కి పడిపోతున్నాయి, కొన్నిటికి కాళ్లు వంకర. పెద్ద బాతులు బాగానే ఉన్నాయి, ప్లేగు టీకా వేయించాను. మందుల షాపులో వైరస్ అని యాంటీబయాటిక్ పొడి ఇచ్చారు. ఇంకొకరు జాతి పలచబడింది, మస్కోవీ మగబాతునో అడవి బాతునో కలపమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ పొడిని నీళ్లలో కలపడం ఆపండి. మీరు రాసినవి వైరస్ లక్షణాలు కావు. ప్లేగు వస్తే పెద్ద బాతులే రాలిపోతాయి, కళ్లు ఉబ్బి, పచ్చటి నీళ్ల విరేచనాలతో. తల్లిని వదిలేసి గుడ్డులో పిల్లను మాత్రం ఏరుకుని చంపే ప్లేగును నేనింతవరకు చూడలేదు. పైగా నిజంగా వైరసే అయితే యాంటీబయాటిక్ దాన్ని ఏం చేస్తుంది? ఆ మాట షాపులో అడగాల్సింది. మందు అవశేషాలు గుడ్లలోకి చేరడం తప్ప ఇప్పటిదాకా మీకు ఒరిగిందేమీ లేదు.

అసలు దోషం మీరు ముచ్చటపడి ఉంచుకున్న కుచ్చులోనే ఉంది. బాతుకు తల్లి నుంచో తండ్రి నుంచో ఆ జన్యువు ఒక కాపీ వస్తే నెత్తిన కుచ్చు లేస్తుంది. ఇద్దరి నుంచీ వచ్చి రెండు కాపీలు పడితే ఆ పిల్ల గుడ్డు దాటి బయటికి రాదు. కుచ్చు మగదాన్ని కుచ్చు ఆడదానితో కలిపితే నాలుగు పిండాల్లో ఒకటి పోవడం ఖాయమన్నమాట. మీ లెక్కే చూడండి. 70 గుడ్లు పిల్ల పట్టాయి, అందులో సగం, అంటే 35, కుచ్చు తల్లులవి. వాటిలో నాలుగో వంతు 8 లేదా 9. మీరు చెప్పిన 18లో సగం అక్కడే తేలింది.

నా మాట మీద నమ్మకం లేకపోతే ఈసారి పొదగని గుడ్లను పారేయకుండా పగలగొట్టండి. పిల్ల నెత్తిని వేలితో తడమండి. పుర్రె ఎముక మూసుకోక మెత్తగా తగిలినా, అందులోంచి మెదడు ఉబికి కనిపించినా అది కుచ్చు వల్ల పోయిన పిల్ల. ఒక్క కాపీతో బతికిన వాటికీ కుచ్చు కింద పుర్రెలో సందు, లోపల కొవ్వు గడ్డ ఉండొచ్చు. ఆ గడ్డ మెదడును నొక్కితే తల వణుకుతుంది, నడక తూలుతుంది. దానికి మందు లేదు. తూలే పిల్లల మీద విటమిన్ సీసాలు ఖర్చు పెట్టకండి.

మస్కోవీ తప్ప పెంపుడు బాతులన్నీ మల్లార్డ్ అనే అడవి బాతు నుంచి వచ్చినవే. అడవిలో ఇలా తూలే పిల్ల రెండో రోజు చూడదు, దానితోనే ఆ జన్యువూ పోతుంది. మన దొడ్లో మేత పెట్టి కాపాడతాం, పైగా అందంగా ఉందని దాన్నే మగబాతుగా నిలుపుతాం. తెల్ల పెకిన్ కూడా అలా మనుషులు ఏరి నిలిపిన మార్పే, కాకపోతే తెల్ల రంగుతో ఆ బాతుకు చావు రాలేదు.

ఇక 30 వట్టి గుడ్ల సంగతి. ఇందులో జాతినీ జన్యువునూ వెతకడం తర్వాత, ముందు మగవాటిని లెక్కపెట్టండి. ఒక్కోదానికి 12 ఆడవి పడ్డాయి. ఖాకీ క్యాంప్‌బెల్‌లో 5 లేదా 6 ఆడవాటికి ఒక మగది ఉండాలి. మీకు 8 కావాలి.

జాతి పలచబడిందన్న మాటలో మాత్రం కొంత నిజముంది. 4 మగ, 48 ఆడ అంటే చూడ్డానికి 52 బాతులు. జన్యువుల లెక్కలో అవి 15తో సమానం (మగవాటి సంఖ్యను ఆడవాటి సంఖ్యతో, మళ్లీ 4తో గుణించి మొత్తం బాతులతో భాగించాలి). అంటే తరానికి 3 శాతానికి పైగా ఇన్‌బ్రీడింగ్ (దగ్గరి చుట్టాలు కలవడం వల్ల ఒకే రకం జన్యువులు జతపడటం) పెరుగుతుంది. అదీ నాలుగూ చుట్టాలు కానప్పుడు. మీవి ఒకే తండ్రి కొడుకులు, ఆడవాటిలో కనీసం సగం వాటి చెల్లెళ్లు. ఇప్పుడు పుట్టే పిల్లల్లో చాలా వాటికి ఇన్‌బ్రీడింగ్ 12.5 శాతం, ఒకే తల్లి బిడ్డలు కలిస్తే 25 శాతం.

కొత్త రక్తం కావాలి, కానీ మస్కోవీది వద్దు. అది వేరే జాతి. మీ బాతుతో కలిస్తే పుట్టేవి గొడ్డువి, మాంసానికి తప్ప మందను నిలబెట్టడానికి పనికిరావు. అడవి బాతు అసలే వద్దు. జబ్బు కనిపించకుండానే బర్డ్ ఫ్లూను మోసుకొస్తుంది. గుడ్లూ తగ్గుతాయి. మల్లార్డ్ ఒక పొదుగుకు 8 నుంచి 13 గుడ్లు పెడుతుంది, మంచి ఖాకీ క్యాంప్‌బెల్ ఏడాదికి 300 దాకా పెడుతుంది. నిజానికి ఖాకీ కూడా అతుకుల బొంతే. 19వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో ఇండియన్ రన్నర్, రూయెన్ అనే బాతు రకాలను కలిపి, మల్లార్డ్ రక్తం కూడా ఎక్కించి చేశారు. కానీ తర్వాత తరాల తరబడి గుడ్ల కోసం ఏరుకుంటూ వచ్చారు. మీరు అదంతా మళ్లీ మొదటి నుంచి చేస్తారా?

మీ మందతో చుట్టరికం లేని, కుచ్చు లేని ఖాకీ మగబాతులు 8 కొనండి. వీలైతే రెండు మూడు చోట్ల నుంచి. 30 రోజులు దూరంగా ఉంచి చూశాకే కలపండి. పాత నాలుగింటినీ తీసేశాక మూడు వారాల పాటు వచ్చే గుడ్లను పొదిగించకండి, పాత వీర్యం ఆడబాతు ఒంట్లో రెండు వారాల దాకా నిలవొచ్చు. కుచ్చు ఆడవాటిని గుడ్లకు ఉంచుకోండి, పొదిగించడానికి మాత్రం కుచ్చు లేని వాటి గుడ్లే తీయండి. కొన్నిటికి కుచ్చు నాలుగు ఈకలే ఉంటుంది, కంటికి ఆనదు, తల వెనక వేలుతో నిమిరి చూడాలి.

తర్వాత మందను మూడు దొడ్లు చేయండి. ఆడపిల్లలు పుట్టిన దొడ్లోనే ఉంటాయి. మొదటి దొడ్డి మగపిల్లలు రెండోదానికి, రెండోవి మూడోదానికి, మూడోవి మొదటిదానికి. ఏ పిల్ల ఏ దొడ్డిదో తెలియాలంటే పుట్టిన రోజే కాలివేళ్ల మధ్య పొరకు చిన్న చిల్లు పెట్టండి: ఎడమ కాలు బయటి పొర మొదటి దొడ్డి, లోపలి పొర రెండోది, కుడి కాలు బయటి పొర మూడోది. నిమిషం పని. పదిమందిలో తొమ్మిదిమంది చేయరు, తర్వాత నాకు ఉత్తరం రాస్తారు.

కాళ్ల వంకరకు జాతితో పని లేకపోవచ్చు. కోడిపిల్లల దాణా పెడుతున్నారేమో చూసుకోండి. బాతుపిల్లకు కిలో దాణాలో 55 మి.గ్రా. నియాసిన్ (ఒక బి విటమిన్) కావాలి, కోళ్ల దాణాలో అంత ఉండదు. నున్నటి నేల మీద కూడా వదలకండి.

గుడ్డులో చచ్చిన మిగతా తొమ్మిది మీ ఇంక్యుబేటర్ ఖాతాలో వేసుకోండి. ఫ్యాన్ ఉన్నదైతే 37.5 డిగ్రీలు, తేమ 55 నుంచి 60 శాతం, చివరి మూడు రోజులు 70కి పైన. 70 గ్రాముల గుడ్డు 25వ రోజుకు 61 గ్రాముల దగ్గరికి రావాలి. అంతకంటే బరువుగా ఉంటే తేమ ఎక్కువైనట్టు, తేలికైతే తక్కువైనట్టు.

ప్లేగు టీకా మానకండి. కొత్త మగవి వచ్చాక మొదటి పొదుగులో, 8వ రోజు టార్చి వేసినప్పుడు వట్టి గుడ్లు ఎన్ని, నెత్తురు వలయం కనిపించినవి (పిండం మొదట్లోనే చచ్చినవి) ఎన్ని, చివర్లో చచ్చినవి ఎన్ని, వాటిలో నెత్తి మూసుకోనివి ఎన్ని, విడివిడిగా రాసి పంపండి.