స్కీయింగ్ ఒక్కటే కాదు, అమ్ములూ

బసవనగుడి, బెంగళూరు

చి. అమ్ములుకి పెద్దమ్మ ఆశీస్సులు.

"జనవరిలో ఐదు రోజులు లీవు దొరికింది, స్కీయింగ్ నేర్చుకుంటాను" అని నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు వెంటనే సరే అనలేకపోయాను. నొచ్చుకున్నావని నీ గొంతులోనే తెలిసింది. అందుకే ఈ ఉత్తరం.

మంచులోకి వెళ్లొద్దని కాదు, తప్పకుండా వెళ్లు. కానీ కబడ్డీలో బెణికిన నీ కుడి మోకాలు ఇంకా సతాయిస్తూనే ఉంది కదా. వాలులో జారే స్కీయింగ్‌లో కాలు గట్టి బూటులో ఉంటుంది, బూటు పొడవాటి పలకలాంటి స్కీకి బిగించి ఉంటుంది. పడ్డప్పుడు స్కీ ఊడిరాకపోతే మెలిపడేది మోకాలే. 2011లో ఉత్తరాఖండ్‌లోని ఔలీలో నాకు అదే జరిగింది. అద్దెకిచ్చినవాళ్లు బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ని నా బరువుకి తగ్గట్టు సరిచేయలేదు. లిగమెంట్ చిరిగింది. ఏడు నెలలు ఫిజియోథెరపీ చేయించుకున్నాను.

నీ లీవుకి అటూ ఇటూ శనాదివారాలు కలిపితే తొమ్మిది రోజులు. నేనైతే ఉత్తరాఖండ్‌లోనే ఉన్న కేదార్‌కంఠ కొండకి వెళ్లమంటాను. డెహ్రాడూన్ నుంచి ఒక పగలంతా బండిలో వెళ్తే సాంక్రీ అనే ఊరు వస్తుంది. అక్కడినుంచి నడకే. దేవదారు చెట్ల మధ్య మంచు మీద నడుస్తుంటే మన బూట్ల కరకర తప్ప ఏమీ వినపడదు. మొదటి రాత్రి జూడా కా తాలాబ్ అనే గడ్డకట్టిన చెరువు దగ్గర గుడారం వేస్తారు. శిఖరం 3,800 మీటర్లు. ఎక్కే రోజు తెల్లవారుజామున మూడింటికే లేపుతారు, విసుక్కోకు. ఎండ ముదిరితే మంచు మెత్తబడి కాలు మోకాలిదాకా దిగిపోతుంది. పైన నిలబడి స్వర్గారోహిణి, బందర్‌పూంఛ్ శిఖరాల మీద తొలి ఎండ పడడం చూస్తే, ఇంతదూరం వచ్చింది దీనికోసమే అనిపిస్తుంది. నాకు అనిపించింది.

ముందు నడిచేవాళ్ల అడుగుల్లోనే అడుగు వెయ్యి. ఎక్కేటప్పుడు బూటు ముందుభాగంతో మంచుని తన్ని మెట్టు చేసుకో, దిగేటప్పుడు మడమ దించు. మోకాలు నొప్పెట్టేది దిగేటప్పుడే కాబట్టి రెండు కర్రలూ ఉండాల్సిందే. గట్టిపడిన మంచు మీద బూట్లకి మైక్రోస్పైక్స్ అనే ఇనుప ముళ్ల పట్టీలు తగిలించుకో, బూట్లలోకి మంచు పోకుండా గెయిటర్స్ కట్టుకో. ఇవన్నీ అద్దెకి దొరుకుతాయి. బూట్లు మాత్రం ఇక్కడే కొనుక్కుని నెలరోజులు వేసుకు తిరుగు.

ఒంటికి ఆనుకుని నూలు బట్ట వద్దు. చెమటకి తడిస్తే ఆరదు, చలి ఎముకల్లోకి పోతుంది. కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది, అందుకని నల్లద్దాలు తీయకు. రాత్రి ఫోనూ నీళ్ల సీసా స్లీపింగ్ బ్యాగులోనే పెట్టుకో. తలనొప్పితో పాటు వాంతులు మొదలైతే పరువుకి పోకుండా గైడ్‌కి చెప్పి కిందికి దిగిపో. ఎత్తు పడకపోతే వేసుకునే డయామాక్స్ లాంటి మాత్రలు డాక్టర్ని అడగకుండా వేసుకోకు.

స్కీ మీద నిలబడాలన్న కోరిక అంతగా ఉంటే కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో క్రాస్‌కంట్రీ స్కీయింగ్ ప్రయత్నించు. అందులో బూటు ముందుభాగం మాత్రమే బిగిస్తారు, మడమ లేస్తుంది. చదును నేల మీద కర్రలతో తోసుకుంటూ పోవడమే. వేగం నీ చేతిలో ఉంటుంది. ఒళ్లు మాత్రం బాగా అలుస్తుంది, మర్నాడు భుజాలు లేవవు.

చిన్నప్పుడు రోలర్ స్కేటింగ్ నేర్చుకున్నావు కాబట్టి సిమ్లా కూడా గుర్తుంచుకో. అక్కడి ఐస్ స్కేటింగ్ రింక్ 1920 నాటిది. నేల మీద నీళ్లు పోసి, రాత్రి చలికి గడ్డకట్టనిస్తారు. మబ్బు పట్టిన రాత్రి మంచు సరిగా కట్టదు, అందుకే ఒక్క రోజుకి వెళ్తే నిరాశపడొచ్చు. కాల్కా నుంచి 96 కిలోమీటర్ల చిన్న రైల్లో వెళ్లు.

లద్దాఖ్‌లో గడ్డకట్టిన నది మీద నడిచే చాదర్ ఈసారికి వద్దే వద్దు. 900 మీటర్ల ఎత్తున బతికే మనం విమానంలో ఒక్కసారిగా 3,500 మీటర్ల లేహ్‌లో దిగితే, ఒళ్లు అలవాటు పడడానికే రెండు మూడు రోజులు పడుతుంది. ఆ తర్వాత నడకకి నీ దగ్గర రోజులు చాలవు.

ముందు మీ అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ మానేసి, ఐదు కిలోల బరువు వీపున వేసుకుని మెట్లెక్కు. ఎక్కడంకంటే దిగడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టు. వచ్చే ఆదివారం నంది కొండకి మెట్లదారిన వెళ్దాం. ఐదింటికల్లా మీ గేటు దగ్గర ఉంటాను. ఆ కొత్త బూట్లు వేసుకునే రా.

మీ పెద్దమ్మ