మానసిక చికిత్సకు హెల్త్ ఇన్సూరెన్స్ పనికొస్తుందా?

మీ అన్నయ్యకు బైపోలార్ (మూడ్ ఒకసారి విపరీతమైన హుషారుకీ, ఒకసారి తీవ్రమైన దిగులుకీ మారే జబ్బు) అని, నెలనెలా డాక్టరు ఫీజూ మందులూ మోయలేకపోతున్నామని, ఇప్పుడు పాలసీ తీసుకుంటే ఉపయోగమా అని అడిగారు. ఉపయోగమే, కానీ మీరు చెప్పిన ఆ నెలవారీ ఖర్చుకు మాత్రం కాదండీ. మామూలు పాలసీలు అడ్మిట్ అయితేనే డబ్బిస్తాయి. కన్సల్టేషన్, కౌన్సెలింగ్, మందులు, లిథియం అనే మందు వాడుతుంటే చేయించే రక్తపరీక్షలు, ఇవన్నీ ఓపీడీ (అడ్మిట్ కాకుండా చేయించుకునే వైద్యం) కిందికి పోతాయి. ఓపీడీ కవర్ ఉన్నవీ దొరుకుతాయి గానీ ప్రీమియం ఎక్కువ, ఇచ్చేది తక్కువ. ఆ డబ్బేదో విడిగా దాచుకోవడమే నయమని నా లెక్క.

మా తమ్ముడిదీ ఇదే జబ్బు. అడ్మిట్ చేసినప్పుడు ఇన్సూరెన్స్ కౌంటర్‌లో అబ్బాయి కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే "సైకియాట్రీ కేసులకు రాదు సార్" అనేశాడు. బిల్లు మేమే కట్టి, తర్వాత క్లెయిమ్ పెడితే, మానసిక రుగ్మతలకు మినహాయింపు ఉందంటూ పాత క్లాజ్ ఒకటి చూపించి తిప్పి పంపారు. నిజానికి 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం సెక్షన్ 21(4) ప్రకారం శరీరానికి వచ్చే జబ్బులకు ఎలా ఇస్తారో మానసిక జబ్బులకూ అలాగే బీమా ఇవ్వాలి. 2018 ఆగస్టులో బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ కూడా కంపెనీలకు ఇదే చెప్పింది. మేం ఆ సెక్షన్ నంబరు రాసి, డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు జతచేసి కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి మెయిల్ పెట్టాం. కొన్ని కోతలు పోను మిగతాది వచ్చింది. నోటిమాటగా కాదన్నది నమ్మకండి, రాసిమ్మనండి. నెలలోగా కంపెనీ తేల్చకపోతే బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి, బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, హైదరాబాద్‌లో ఆఫీసు, ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.

జబ్బు సంగతి ప్రపోజల్ ఫారంలో దాచొద్దు. ఏజెంట్లు "అది రాయకండి, నేను చూసుకుంటా" అంటారు, క్లెయిమ్ రోజున ఆయన ఫోనెత్తడు. చెప్పి తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బు కింద దాని క్లెయిమ్‌కు మూడేళ్ల దాకా ఆగాలి, కొన్ని కంపెనీలు అసలే ఇవ్వమంటాయి, అప్పుడు ఇంకోచోట అడగాలి. మీ అన్నయ్యకో వదినకో ఉద్యోగం ఉంటే ముందు ఆ ఆఫీసు గ్రూప్ పాలసీ చూడండి, చాలావాటిలో ఈ వెయిటింగ్ ఉండదు. మీ ఆఫీసు పాలసీలో అన్నదమ్ముల్ని సాధారణంగా చేర్చుకోరు.

నెలవారీ మందులకైతే ప్రభుత్వాసుపత్రే దిక్కు. హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తితే మనవాళ్లకు జోకులే గుర్తొస్తాయి, ఆ మాటలు పట్టించుకుంటే జేబు ఖాళీ అవుతుంది. అక్కడ, విశాఖ మానసిక ఆసుపత్రిలో మందులు ఉచితంగా ఇస్తారు, లైన్లో నిలబడే ఓపిక ఉండాలంతే. మా తమ్ముడి డాక్టరు రాసిన బ్రాండ్ దొరకనప్పుడు అదే మందు వేరే పేరుతో ఇచ్చారు, ఆయనకు చూపించి వాడాం. రాత్రిపూట పరిస్థితి చెయ్యిదాటేలా ఉండి ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం తీసుకోరు.