డయాలసిస్ మొదలుపెడితే జీవితాంతం తప్పదా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. మేస్త్రీ పని చేస్తారు. కొన్నేళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నారు. పోయిన వారం వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒళ్లునొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకుని, మూడు రోజులు డైక్లోఫెనాక్ మాత్రలు వేసుకున్నారు. తర్వాత మూత్రం బాగా తగ్గిపోయింది. ఆసుపత్రిలో చేర్చాం. క్రియాటినిన్ (కిడ్నీలు రక్తం నుంచి వడకట్టి పంపేసే వ్యర్థం) 5.2 ఉందని, డయాలసిస్ అవసరం కావచ్చని అంటున్నారు. ఒకసారి మొదలుపెడితే ఇక జీవితాంతం తప్పదని చుట్టాలు భయపెడుతున్నారు. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, సూర్యాపేట

జవాబు: డాక్టర్లు డయాలసిస్ కావాలంటే దయచేసి వెంటనే ఒప్పుకోండి. ఈ భయంతో రెండు మూడు రోజులు వాయిదా వేయడమే అసలు ప్రమాదం. జీవితాంతం డయాలసిస్ అవసరమయ్యేది, కిడ్నీలు ఏళ్ల తరబడి దెబ్బతిని పూర్తిగా చేతులెత్తేసిన వారికి. మీ నాన్నగారి సమస్య కొద్ది రోజుల్లో వచ్చింది. దీన్ని అక్యూట్ కిడ్నీ ఇంజ్యురీ అంటాం. ఇలాంటి కేసుల్లో చాలామందికి కిడ్నీలు తిరిగి కోలుకుంటాయి, డయాలసిస్ ఆపేస్తాం. కొందరికి పూర్తిగా కోలుకోకపోవచ్చు. అది జబ్బు తీవ్రతను బట్టి ఉంటుంది గానీ, డయాలసిస్ చేయడం వల్ల జరిగేది కాదు.

ఇలా ఎందుకైందో చెబుతాను. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీకి వెళ్లే రక్తమూ తగ్గుతుంది. అప్పుడు వడపోత ఆగిపోకుండా కిడ్నీ తన లోపలికొచ్చే సన్నటి రక్తనాళాన్ని వెడల్పు చేసుకుంటుంది, బయటికెళ్లే దాన్ని బిగిస్తుంది. డైక్లోఫెనాక్ మొదటి పనిని అడ్డుకుంటుంది. టెల్మిసార్టాన్ రెండో దాన్ని అడ్డుకుంటుంది. బీపీకి అది మంచి మందే. కానీ నీరసించిన ఒంట్లో ఈ రెండూ కలిసేసరికి కిడ్నీకి దారి మూసుకుపోయింది. విరేచనాలవుతున్న మనిషికి నొప్పుల ఇంజెక్షన్ చేయకూడదని ప్రతి ఊళ్లోనూ తెలియాలి.

పాత క్రియాటినిన్ రిపోర్టు ఏదైనా ఇంట్లో ఉంటే వెతికి డాక్టరుకు చూపించండి. 48 గంటల్లో 0.3 పెరిగినా, వారంలో ఒకటిన్నర రెట్లయినా దీన్ని అక్యూట్ కిందే లెక్కిస్తాం. అల్ట్రాసౌండ్‌లో కిడ్నీలు చిన్నవైపోయి కనిపిస్తే పాత జబ్బు ఉందేమోనని అనుమానించాలి. ప్రొస్టేట్ ఉబ్బి మూత్రానికి అడ్డుపడిందేమో కూడా అందులోనే తెలుస్తుంది.

క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి డయాలసిస్ నిర్ణయించం. పొటాషియం ఎంతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందా, రక్తంలో ఆమ్లం పెరిగిందా, మత్తుగా ఉంటున్నారా అన్నవి చూస్తాం. మీరు డాక్టరును అడగాల్సినవీ ఇవే. క్రియాటినిన్ దిగడం ఆలస్యమవుతుంది కాబట్టి రోజుకు ఎంత మూత్రం వస్తోందో కొలిచి రాసిపెట్టండి. 400 మిల్లీలీటర్లు దాటి రోజురోజుకూ పెరుగుతుంటే మంచి సూచన. కోలుకునేటప్పుడు ఒక్కోసారి లీటర్ల కొద్దీ పోతుంది. అప్పుడు నీరు, లవణాలు తగ్గిపోకుండా చూడాలి.

ఇంకో ముఖ్యమైన మాట. చూడ్డానికి వచ్చేవాళ్లు ప్రేమతో కొబ్బరిబొండాలు తెస్తారు. మూత్రం సరిగా రానప్పుడు కొబ్బరినీళ్లు, పండ్లరసాలు ఇవ్వొద్దు. వాటిలోని పొటాషియం బయటికి పోయే దారి లేక గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికి రావచ్చు. నీళ్లు కూడా డాక్టర్లు చెప్పిన కొలతలోనే తాగించండి. కిడ్నీలు బాగవుతాయని ఎవరైనా ఆకుపసర్లు ఇస్తే అసలు పట్టించొద్దు.

ఇంటికొచ్చాక బీపీ మాత్ర ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. వారం పది రోజులకు ఒకసారి, మూడు నెలలకు ఇంకోసారి క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ (ఒక రకం ప్రొటీన్) పరీక్షలు చేయించండి. ఇకపై విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలిపి తాగిస్తూ, బీపీ మాత్ర ఆపాలా అని అదే రోజు డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. నొప్పులకు పారాసిటమాల్ చాలు. ఎక్కడ ఇంజెక్షన్ చేయించుకోబోయినా, తనకు ఒకసారి కిడ్నీలు దెబ్బతిన్నాయని నాన్నగారు ముందే చెప్పాలి.