వాలు మీద నాటిన పొదల్లో కలుపు: చెక్కించొద్దు, మందు కొట్టొద్దు

ఇంటి వెనక వాలు జారకుండా నేల మీద పాకే పొదలు నాటారు, ఈ వానలకు కలుపు వాటిని మించి లేచింది, ఇప్పుడు గడ్డి మందు కొట్టాలా, మనుషుల్ని పెట్టి పారతో చెక్కించాలా అని కదా మీరు అడుగుతున్నారు. రెండూ వద్దండి. చదును నేలలో ఎవరి ఇష్టం వాళ్లది, వాలు మీద మాత్రం నేలను బోసిగా వదిలే పని ఏదీ చేయకూడదు. కలుపును చంపేది మన చేతిలో పార కాదు, నీడ. ఆ నీడ మీ పొదలు ఇచ్చే దాకా వాటిని కాపాడుకోవడమే మన పని.

మాది శ్రీకాకుళం జిల్లాలో పలాస, మందసల మధ్య. ఇంటి వెనక ఎర్రమట్టి, గులకరాళ్లు, కింద గెడ్డ, అంటే వాగు దాకా వాలు. ఒకప్పుడు అక్కడ జీడి తోట ఉండేది. జీడి కొమ్మలు నేలకు ఆనుకుని పెరుగుతాయి కదా, కింద ఎండ పడేది కాదు, ఎండుటాకు మందంగా పరుచుకుని ఉండేది, ఆ తోటలో కలుపు తీయించాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో, అంటే మా తీరం వెంబడి తోటల ప్రాంతంలో, కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా ఎలా పడిపోయాయో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మా చెట్లూ పోయాయి. మొద్దులు తీయించాక మరుసటి తొలకరికి ఆ నేలలో లేచిన గడ్డి చూడాలి! తుంగ, గరిక, దర్భ, గడ్డి చామంతి, వయ్యారిభామ, ఒకటేమిటి. ఎవరూ తెచ్చి చల్లింది కాదు, చాలావరకు మట్టిలో ఎన్నాళ్ల నుంచో పడి ఉన్న విత్తనమే. దానికి కావాల్సింది వెలుగు, తుపాను ఆ వెలుగు ఇచ్చింది. పారతో నేలను గోకినా మనం చేసేది అదే, కింది విత్తనాన్ని పైకి తెచ్చి ఎండ చూపిస్తాం.

ఆ వాలులో నేను పాకే రకం లాంటానా, చిట్టి నూరువరహాలు నాటించాను. పక్క స్థలం వాళ్లూ దాదాపు అవే మొక్కలు పెట్టారు. వానాకాలం మధ్యలో వాళ్లు కూలీలను పెట్టి వాలంతా పారలతో శుభ్రంగా చెక్కించారు. చూడ్డానికి అలికిన వాకిలిలా ఉంది. దారిన పోయేవాళ్లంతా మెచ్చుకున్నారు, మీరెందుకు చేయించరు అని మా ఇంట్లోనూ గొడవ. ఆ వెంటనే వాయుగుండం పట్టింది. సాయంత్రం నుంచి ఎడతెగని వాన, పెరటి చూరు కింద నిలబడి రెండు వాలులూ పక్కపక్కనే చూశాను. మా వైపు నుంచి దిగే నీళ్లు కాస్త మురికిగా ఉన్నాయి, అంతే. వాళ్ల వైపు ఇటుక రంగు నీళ్లు, చిన్న చిన్న కాలువలు కట్టుకుని దిగుతున్నాయి. చూస్తుండగానే ఒక కాలువ మొక్క మొదట్లో మట్టిని తినేసింది. నర్సరీ కవర్ ఆకారంలో ఉన్న వేళ్ల ముద్ద బయటపడింది, కాసేపు అలా వేలాడి, పక్కకు ఒరిగి, కిందికి దొర్లిపోయింది. తెల్లారి చూస్తే వాళ్ల ప్రహరీ దగ్గర మోకాలి లోతు బురద, అందులో మొక్కలు. వాలు మీద మాత్రం దారానికి గుచ్చినట్టు తుంగ గడ్డలు బయటపడి ఉన్నాయి, ఒక్కటీ చావలేదు.

మా దగ్గర కలుపుకు వచ్చే పెద్దావిడ అది చూసి, "ఏటి బాబూ, తుంగని పారతో నరికితే సస్తాదా? ఒకటి నరికితే పది లెగుస్తాది" అంది. అక్షరాలా నిజం. తుంగకు నేల లోపల గడ్డలు ఒకదానికొకటి గొలుసుగా ఉంటాయి. గొలుసు తెగనంత కాలం అందులో చాలా గడ్డలు నిద్రపోతూ ఉంటాయి, తెంచామంటే దేనికది మొలకేస్తుంది. పక్కవాళ్ల వాలు మీద కొన్ని వారాలకే అంతకు ముందుకంటే ఒత్తుగా లేచింది. తుంగకున్న బలహీనత ఒక్కటే, నీడకు తట్టుకోలేదు.

ఆవిడ పని చేసే పద్ధతి దగ్గర కూర్చుని చూశాను, మీకు పనికొస్తుంది. వాన వెలిసి మట్టి మెత్తగా ఉన్నప్పుడే దిగుతుంది, కింది నుంచి పైకి ఎక్కుతూ తీస్తుంది, పై నుంచి దిగుతూ తీస్తే కాలి కింద మట్టి జారి మొక్కల మీద పడుతుందట. గడ్డి చామంతి లాంటి ఒంటి వేరు మొక్కలను ఎడమ చేత్తో మొదలు పట్టుకుని, బొరిగె (కలుపు తీసే చిన్న పనిముట్టు) కొసతో వేరు కింద ఒక్క పోటు పొడిచి లాగేస్తుంది, వెంటనే ఆ గుంటను మడమతో అదుముతుంది. ఆ అదమడం చాలామంది చేయరు, తర్వాతి వానకు నీళ్లు ముందు దిగేది ఆ గుంటలోనే. తుంగను, దర్భను పీకదు. కొడవలితో నేలబారుగా కోస్తుంది, మళ్లీ లేస్తే మళ్లీ కోస్తుంది. పదిహేను రోజులకోసారి ఇలా కోస్తుంటే గడ్డల్లో దాచుకున్న బలం తగ్గుతూ వస్తుంది. గరిక మాత్రం పొద లోపలికి పాకక ముందే తీగతో సహా లాగేయాలి, లోపల చిక్కుకుంటే ఇక రాదు. తీసిన కలుపును బయట పారేయకుండా వాలుకు అడ్డంగా వరసలుగా పేర్చండి, మట్టిని ఆపుతుంది. పూత, గింజ పట్టినది, గరిక తీగలు మాత్రం ఆ వరసల్లో వేయొద్దు. వయ్యారిభామనైతే పూతకు రాకముందే తీసేయాలి, ఒక్క మొక్కే 15 వేలకు పైగా విత్తనాలు రాల్చగలదు. చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, ఒళ్లంతా దురదలు.

ఇలాంటి పని తెలిసిన మనుషులు ఇప్పుడు దొరకడం లేదు, అదీ నా బాధ. ఎవరిని పిలిచినా బ్రష్ కట్టర్ భుజాన వేసుకుని వస్తారు. గంటలో అయిపోతుందంటారు, అయిపోతుంది కూడా. తర్వాత మొక్క మొదలు వంగి చూడండి, నైలాన్ తాడు తగిలి బెరడు చుట్టూ లేచిపోయి ఉంటుంది. ఆ వేళకు పచ్చగానే కనిపిస్తుంది, ఎండలు ముదిరాక నిలువునా ఎండిపోతుంది, అప్పుడు నర్సరీ వాణ్ణి తిడతాం. లేత పొదల మధ్యకు ఆ మెషీన్ రానివ్వకండి. ఇంకొకరు కలుపు రాకుండా నేల మీద కప్పే నల్లటి పట్టా, వీడ్ మ్యాట్, పరచమంటారు. పాకే పొదలు ఎక్కడ కణుపు ఆనితే అక్కడ వేరు వేయాలి, ఆ వేళ్లే వాలును పట్టి ఉంచేది. మ్యాట్ వేస్తే ఆ వేరు దిగేదెక్కడ? పైగా తుంగ మొన దాన్ని పొడుచుకుని పైకొస్తుంది. ఎండాకాలంలో గడ్డికి నిప్పు పెట్టేవాళ్ల గురించి అయితే మాట్లాడాలనే లేదు. దర్భకు నిప్పు అంటే పండగ, కింద వేరు చెక్కుచెదరదు, పోటీ మొక్కలన్నీ కాలిపోయాక అదే రాజ్యమేలుతుంది.

పరచడానికి మన దగ్గర కొబ్బరి డొక్కల కంటే మంచిది లేదు. కవిటి, కంచిలి, సోంపేట వైపు ఎంత కావాలంటే అంత దొరుకుతాయి. బోర్లించి, వాలుకు అడ్డంగా వరసలు పెట్టండి, వరసల మధ్య రెండు మూడు అంగుళాల మందాన జీడాకు గానీ ఎండుటాకు గానీ వేయండి. డొక్కల వరస ఆకును జారిపోనివ్వదు. మొక్క మొదలు చుట్టూ మూడంగుళాలు ఖాళీ ఉంచాలి, లేకపోతే ఎర్రమట్టిలో చెదలు మొదలుకు ఎక్కుతాయి. వరి ఊక వద్దు, మొదటి వానకే గెడ్డలో ఉంటుంది. గడ్డి వేస్తే అందులోని గింజలు మీకు కొత్త కలుపు.

ఇక మందు సంగతి. గ్లైఫోసేట్ అనే గడ్డి మందు పచ్చగా ఉన్న ప్రతి ఆకు మీదా పనిచేస్తుంది, గాలికి తుంపర పడితే మీ పొద కూడా కలుపే దానికి. 2022 అక్టోబర్‌లో కేంద్రం దాని వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది, అయినా కొట్లో అడగ్గానే చేతిలో పెట్టేస్తే ఎలా? పారాక్వాట్ అనే ఇంకో గడ్డి మందునైతే ఇంట్లోకే తేవద్దు, పొరపాటున మింగితే విరుగుడు లేదు. మందు బాగా పనిచేసినా మీకు మిగిలేది చచ్చిన వేళ్లు, బోసి నేల, ఆపైన అక్టోబర్ తుపాన్లు. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇంకా తేలలేదు, తేలనప్పుడు బావికి ఎగువ వాలులో విషం చల్లడానికి నాకైతే చేయి రాదు.

మీ మొక్కల మధ్య దూరం ఎంతుందో రాయలేదు. మూడడుగులు ఉంటే కలుపు వచ్చి తీరుతుంది. పాకే లాంటానా అయితే అడుగున్నర నుంచి రెండడుగులు చాలు, పై వరసలో రెండు మొక్కల మధ్య ఖాళీకి ఎదురుగా కింది వరస మొక్క వచ్చేలా నాటాలి. ఇప్పుడున్న ఖాళీల్లో కొమ్మలు వంచి మట్టి కప్పితే అవే వేరు వేస్తాయి, కొత్త మొక్కలు కొననక్కర్లేదు. ఎరువు చల్లకండి, మొక్క పాదులోనే వేయండి, నీళ్లు కూడా పైపుతో వాలంతా తడపకుండా పాదుకే పోయండి. పాదు అర్ధచంద్రంలా, గట్టు కింది వైపు ఉండాలి.

మిగిలిన ఖాళీల్లో వానాకాలం చివర ఉలవలు చల్లండి. మన మెట్టల్లో ఎలాగూ అదే అదను, పెద్దగా నీళ్లు అడగదు, త్వరగా నేలను కమ్మేస్తుంది. తీగ సాగి పొద మీదికి ఎక్కుతుంటే కొడవలితో కోసి అక్కడే పడేయండి, వేరు పీకొద్దు. వచ్చే తొలకరికి ముందు ఇంకా ఎక్కడెక్కడ నేల కనిపిస్తోందో చూసుకుని, ఆ చోట్లలో మాత్రం మళ్లీ కొమ్మలు వంచండి.