సల్ఫైట్ మాత్రలో ఇంకేమున్నాయో అమ్మేవారు చెప్పి తీరాలా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. వేసవిలో దొరికే మస్టాంగ్ ద్రాక్షతో ఇంట్లోనే కొద్దిగా వైన్ చేసుకుంటాం. అది పాడవకుండా అందులో వేయడానికి ఆన్‌లైన్‌లో క్యాంప్‌డెన్ మాత్రలు కొన్నాను. డబ్బామీద ‘పొటాషియం మెటాబైసల్ఫైట్, వైన్ తయారీకి’ అని తప్ప మరేమీ లేదు. మాది శాకాహార కుటుంబం. పైగా మా బావమరిదికి ఉబ్బసం ఉంది. మాత్రలో ఇంకేం కలిపారని అమ్మకందారుకు రాస్తే, అది తమ వ్యాపార రహస్యమని జవాబిచ్చారు. అలా దాచే హక్కు వారికి ఉందా? సంక్రాంతికి స్నేహితులకు ఈ వైన్ సీసాలు ఇస్తే నాకేమైనా చిక్కు వస్తుందా? హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు తనకూ ఈ మాత్రలు తెమ్మంటున్నాడు, తీసుకువెళ్లవచ్చా?

జవాబు: మీ మూడు సందేహాల్లో మొదటిదానికే లోతైన సమాధానం అవసరం. చట్టం సంగతి చూసేముందు ఈ మాత్రలో ఏముంటుందో తెలియాలి. 1920లలో ఇంగ్లండ్‌లోని గ్లౌస్టర్‌షైర్‌లో, చిప్పింగ్ క్యాంప్‌డెన్ అనే ఊళ్లోని పరిశోధన కేంద్రంలో, పండ్లను నిల్వ చేయడానికి రూపొందించిన సల్ఫైట్ ద్రావణమే తరువాత మాత్ర రూపంలోకి వచ్చి ఆ ఊరి పేరుతో నిలిచిపోయింది. నేడు ఆ పేరుతో అమ్మే మాత్రల్లో కొన్నింటిలో పొటాషియం మెటాబైసల్ఫైట్, మరికొన్నింటిలో సోడియం మెటాబైసల్ఫైట్ ఉంటుంది; రెండూ సల్ఫైట్లే, అంటే సల్ఫర్ డయాక్సైడ్‌ను విడుదల చేసే లవణాలు. కాబట్టి ‘క్యాంప్‌డెన్’ అన్న మాట ఒక్కటే చూసి ఏ రసాయనం కొన్నామో చెప్పలేము. మాత్ర బరువు సాధారణంగా 0.44 గ్రాములు. పొటాషియం లవణం బరువులో సుమారు 57 శాతం, సోడియం లవణం బరువులో సుమారు 67 శాతం సల్ఫర్ డయాక్సైడ్‌గా విడుదల కాగలదు. ఆ లెక్కన మాత్ర అంతా పొటాషియం లవణమే అనుకుంటే, ఒక అమెరికన్ గాలన్ రసంలో ఒక మాత్ర వేసినప్పుడు లీటరుకు దాదాపు 67 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్ చేరుతుంది. ఈ అంకెను గుర్తుంచుకోండి, మీ బావమరిది విషయంలో దీని అవసరం వస్తుంది.

అయితే పొడిని మాత్రగా అచ్చు వేయాలంటే మామూలుగా మరికొన్ని పదార్థాలు కావాలి. మాత్ర విరిగిపోకుండా పట్టి ఉంచడానికి పిండిపదార్థమో, సెల్యులోజో, లాక్టోజో కలుపుతారు. అచ్చుకు అంటుకోకుండా ఉండటానికి మెగ్నీషియం స్టియరేట్ వంటిది వాడతారు. మీరు అడుగుతున్నది వీటి గురించే. పరిమాణంలో ఇవి చాలా తక్కువే కావచ్చు. కానీ స్టియరేట్‌ను జంతువుల కొవ్వునుంచి కూడా తయారు చేస్తారు, లాక్టోజ్ పాలనుంచి వస్తుంది, పిండిపదార్థం గోధుమది కావచ్చు. కనుక మీ సందేహాన్ని అనవసరమైన చాదస్తమని ఎవరైనా కొట్టిపారేస్తే ఒప్పుకోవలసిన పని లేదు.

ఇక చట్టం. మీరు కొన్న మాత్ర చట్టం దృష్టిలో ఆహారం అవుతుందా కాదా అన్నది ముందు తేలాలి. అమెరికా ఫెడరల్ ఆహార, ఔషధ, సౌందర్య సాధనాల చట్టం ఇచ్చిన నిర్వచనం ప్రకారం మనిషి తినేవి, తాగేవి మాత్రమే కాక, వాటిలో భాగంగా కలిపేవి కూడా ఆహారమే. డబ్బామీద ‘వైన్ తయారీకి’ అని అమ్మకందారే రాసుకున్నాడు కాబట్టి, తాను అమ్మింది ఆహారం కాదని వాదించడం అతనికి తేలిక కాదు. అదే డబ్బామీద ‘పాత్రలు, సీసాలు శుభ్రం చేయడానికి మాత్రమే’ అని ఉంటే నా సమాధానం వేరుగా ఉండేది. అలా అమ్మే సల్ఫైట్లు కూడా బజారులో ఉన్నాయి. చౌకగా వస్తున్నాయని వాటిని రసంలో వేసినవారికి లేబుల్ చట్టం నుంచి పెద్దగా సాయం దొరకదు. మద్యం, పొగాకుల వ్యవహారాలు చూసే టీటీబీ అనే ఫెడరల్ సంస్థ నియమాలు అమ్మకానికి పెట్టే వైన్ లేబుల్‌కు వర్తిస్తాయి. మాత్ర వైన్ కాదు కనుక దాని లేబుల్ ఎఫ్‌డీఏ, అంటే ఫెడరల్ ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పరిధిలోకి వస్తుంది.

మాత్ర ఆహారమైనప్పుడు, అందులో రెండు లేదా అంతకంటే ఎక్కువ పదార్థాలు ఉంటే, ప్రతిదాని వాడుక పేరునూ లేబుల్‌పై, బరువులో ఎక్కువ ఉన్నదానితో మొదలుపెట్టి, వరుసగా రాయాలి. మీ అమ్మకందారు చెప్పిన వ్యాపార రహస్యం వాదన ఇక్కడే వీగిపోతుంది. పేరు చెప్పకుండా కేవలం వర్గం పేరుతో సరిపెట్టుకునే వెసులుబాటును ఆ చట్టం మసాలా దినుసులకు, రుచికారకాలకు, కొన్ని రంగులకు మాత్రమే ఇచ్చింది. మాత్రను పట్టి ఉంచే పిండికి గాని స్టియరేట్‌కు గాని ఇవ్వలేదు. తయారీలో యాదృచ్ఛికంగా మిగిలిపోయి, ఏ ప్రయోజనమూ లేకుండా అతి స్వల్పంగా ఉండే పదార్థాలను లేబుల్‌పై రాయనక్కరలేదన్న మినహాయింపు ఒకటి ఉంది, వారి తరపు న్యాయవాది దాన్నే పట్టుకుంటారు. కానీ మాత్రను మాత్రగా నిలబెట్టే పదార్థానికి ఆ వస్తువులో ప్రయోజనం లేదనడం నాకు సమంజసంగా తోచదు. ఏ అదనపు పదార్థమూ లేకుండా కేవలం లవణాన్నే అచ్చు వేసి ఉంటే మాత్రం లేబుల్‌లో తప్పు లేదు. అప్పుడు ‘వేరే ఏమీ కలపలేదు’ అని చెప్పాల్సింది పోయి రహస్యమని ఎందుకు అన్నారో వారే చెప్పాలి.

పాలు, గోధుమల విషయంలో మీ హక్కు ఇంకా బలమైనది. 2004లో వచ్చిన ఆహార అలెర్జీ లేబుల్ చట్టం ఎనిమిది ప్రధాన అలెర్జీ కారకాలను పేర్కొంది, 2023 జనవరి 1 నుంచి నువ్వులు తొమ్మిదవదిగా చేరాయి. వీటికి ఇందాకటి స్వల్ప పరిమాణం మినహాయింపు కూడా వర్తించదు. కాబట్టి లాక్టోజ్ వాడి ఉంటే పాలు అనీ, గోధుమ పిండి వాడి ఉంటే గోధుమ అనీ లేబుల్ చెప్పి తీరాలి. చాలామంది పొరబడే సంగతి ఒకటుంది: సల్ఫైట్లు ఆ తొమ్మిదింటిలో లేవు. వాటికి వేరే నియమం ఉంది. తుది ఆహారంలో పది లక్షల భాగాలకు 10 భాగాలు (వైన్ వంటి ద్రవంలో దాదాపు లీటరుకు 10 మిల్లీగ్రాములు) లేదా అంతకు మించి ఉంటే ప్రకటించాలి.

శాకాహారం విషయంలో మాత్రం మీకు నిరాశే. మెగ్నీషియం స్టియరేట్ అని పేరు రాస్తే చాలు, అది మొక్కదా జంతువుదా అని అమెరికా ఫెడరల్ చట్టం రాయమనదు. భారతదేశంలో ఆకుపచ్చ చుక్క చూసి కొనే అలవాటున్న మనకు ఇది లోటుగానే అనిపిస్తుంది. ఆహార పదార్థంలోని ప్రతి దినుసూ, చివరికి సంకలితాలు కూడా, మొక్కనుంచి వచ్చాయో జంతువునుంచి వచ్చాయో వెల్లడించాలని ఢిల్లీ హైకోర్టు 2021 డిసెంబరులో ఆదేశించింది. ఆ ఆదేశం ఫ్రిస్కోలో మీకు అక్కరకు రాదు. ‘వీగన్’ అని ముద్రించిన సరుకు కొనడమో, మాత్రలు మానేసి పొడి రూపంలోని పొటాషియం మెటాబైసల్ఫైట్‌ను సన్నని త్రాసుతో తూచి వాడుకోవడమో మేలు. పొడిని అచ్చు వేయనక్కరలేదు కనుక అందులో పట్టుపదార్థం అవసరమే ఉండదు.

హక్కు ఉందని చెప్పాను, దాన్ని అమలు చేయించుకునే దారి కూడా చెప్పాలి. ఫెడరల్ ఆహార చట్టం కింద వ్యక్తులు స్వయంగా దావా వేయలేరు, ఆ అధికారం ప్రభుత్వానిది. మీరు ఎఫ్‌డీఏకు ఫిర్యాదు పంపవచ్చు. టెక్సాస్ రాష్ట్ర మోసపూరిత వ్యాపార పద్ధతుల చట్టం మాత్రం, తెలిసిన విషయాన్ని కొనిపించే ఉద్దేశంతో దాచిపెట్టడాన్ని తప్పుగా పరిగణించి, కొనుగోలుదారుకు దావా వేసే హక్కు ఇస్తుంది. అయితే అమ్మకందారు ఆ ఉద్దేశంతోనే దాచాడని, తెలిసి ఉంటే మీరు కొనేవారు కాదని మీరు చూపాలి. దావాకు 60 రోజుల ముందు లిఖితపూర్వక నోటీసు కూడా ఇవ్వాలి. ఎవరికీ జబ్బు చేయనంతవరకు మీ నష్టం ఆ డబ్బా ఖరీదే కనుక, కోర్టు గడప తొక్కమని నేను సలహా ఇవ్వను. పట్టుపదార్థం పేరు, లాట్ నంబరు, అలెర్జీ వివరాలు అడుగుతూ, రహస్యమన్న వారి జవాబును ఉటంకిస్తూ తయారీదారుకే నేరుగా ఒక ఉత్తరం రాయండి. అమ్మకందారు చెప్పనిది తయారీదారు చెప్పడం అరుదు కాదు. బదులుగా వారు భద్రతా వివరాల పత్రం పంపి, అందులో అన్నీ ఉన్నాయంటే నమ్మకండి. ఆ పత్రం పనివారి రక్షణకోసం ప్రమాదకర రసాయనాలను చూపించేది. హాని లేని పిండిపదార్థం అందులో కనిపించకపోతే మాత్రలో లేదని అర్థం కాదు.

ఇక స్నేహితులకు ఇవ్వడం గురించి. ఇంట్లో ఒక్కరే వయోజనులుంటే ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఉంటే 200 గాలన్లు సొంతానికి, కుటుంబానికి వైన్ చేసుకోవడానికి ఫెడరల్ చట్టం పన్ను లేకుండా అనుమతిస్తుంది. 200 గాలన్లంటే సుమారు 757 లీటర్లు. టెక్సాస్ ఆల్కహాలిక్ బెవరేజ్ కోడ్ 109.21 సెక్షన్ కూడా లైసెన్సు లేకుండా 200 గాలన్ల వరకు ఒప్పుకుంటుంది, కానీ ఆ వైన్‌ను బట్టీలో కాచి ఆవిరి దించినా, మరేవిధంగానైనా మత్తు శాతం పెంచినా ఆ రక్షణ పోతుంది. మీ ఇంటి విందులో పోయడంవల్ల చిక్కు లేదు. అమ్మకూడదు, అమ్మకానికి పెట్టకూడదు అన్నది మాత్రం ఏ మినహాయింపూ లేని నిషేధం. సంఘాల సంక్రాంతి వేడుకలో టికెట్ డబ్బు తీసుకుని ఈ వైన్ పోయడం, వేలంపాటలో సీసా పెట్టడం వంటివి ‘విరాళమే కదా’ అని తేలిగ్గా తీసుకోవద్దు. నా దృష్టిలో అవి అమ్మకం అంచునే ఉన్నాయి.

మీ సీసా అమ్మకానికి కాదు కనుక ‘సల్ఫైట్లు ఉన్నాయి’ అని ముద్రించాల్సిన చట్టపరమైన బాధ్యత మీకు లేదు. అయినా రాయండి. ఇందాకటి లెక్క ప్రకారం గాలన్‌కు ఒక మాత్ర వేసినా ప్రకటించాల్సిన హద్దుకు ఆరు రెట్లు పైబడి సల్ఫైటు కలిపినట్టు. నిల్వలో అందులో కొంత తగ్గుతుంది గాని, తగ్గిందని ఊహించి ఉబ్బసం ఉన్న మనిషికి పోయలేము; వారిలో కొందరికి సల్ఫైట్లవల్ల ఊపిరి ఆడని పరిస్థితి రావచ్చు. మత్తులో జరిగిన ప్రమాదానికి విందు ఇచ్చినవారిని బాధ్యులను చేయలేమని టెక్సాస్ సుప్రీంకోర్టు 1993లో గ్రాఫ్ వర్సెస్ బియర్డ్ కేసులో చెప్పిన మాటను కొందరు అన్నింటికీ కవచమనుకుంటారు. అది మత్తు గురించిన తీర్పు. మీ బావమరిదికి ఉబ్బసం ఉందని తెలిసి, వైన్‌లో ఏం వేశారో తెలిసి, చెప్పకుండా ఇచ్చారంటే అది సాధారణ నిర్లక్ష్యం కిందికి వచ్చే వేరే వాదన. మాత్ర వేయకపోయినా పులిసేటప్పుడు ఈస్ట్ స్వయంగా కొంత సల్ఫైటును పుట్టిస్తుంది కనుక, ‘మాత్ర వేయని సీసా ఇది, నీకేం కాదు’ అని భరోసా ఇవ్వడం కూడా మంచిది కాదు. ఆయన తన వైద్యుణ్ణి అడిగాకే తాగాలి.

మీ తమ్ముడి విషయానికి వస్తే, మత్తు పానీయాల తయారీ భారత రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో, 8వ అంశం కింద ఉంది. తెలంగాణలో అమలులో ఉన్న 1968 నాటి ఎక్సైజ్ చట్టం 13వ సెక్షన్ లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చేయడాన్ని నిషేధిస్తుంది, ఆ చట్టం నిర్వచనం ప్రకారం వైన్ కూడా మద్యమే. అమెరికాలోవలె సొంత ఇంటికి ఇన్ని గాలన్లు అన్న మినహాయింపు ఆ సెక్షన్‌లో లేదు. అంతేకాదు, తయారీ ఉద్దేశంతో సామగ్రిని దగ్గర ఉంచుకోవడాన్ని కూడా అది నిషేధించింది. పొటాషియం మెటాబైసల్ఫైట్ స్వతహాగా నిషిద్ధ వస్తువు కాదు; ఇళ్లలో పండ్ల స్క్వాష్ నిల్వ చేసేవారు కేఎంఎస్ పేరుతో దాన్ని దుకాణంలోనే కొనుక్కుంటారు. కాని ఈస్ట్ పొట్లం, పులియబెట్టే పాత్రలతో కలిపి వైన్ చేయడానికే పట్టుకువెళితే ఆ వస్తువు స్వభావం చట్టం దృష్టిలో మారిపోతుంది. స్క్వాష్ కోసమైతే మీ తమ్ముడిని అక్కడే, ఆహార భద్రతా లైసెన్సు నంబరు ముద్రించిన సరుకు కొనుక్కోమనండి. వైన్ కోసమైతే తీసుకువెళ్లకండి.