చిన్నా, బాడుగ క్యాష్‌గా తీసుకోవద్దు

చిన్నా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి తిరుపతి కరకంబాడి రోడ్డులో నీ ఫ్లాటు తాళాలు చేతికొచ్చినాయని చెప్పింది, ఆ సంతోషంలో పొయ్యి మీద పాలు పొంగి పోయేదాకా చూసుకోలేదు నేను. మన ఇళ్ళల్లో ఇంత చిన్న వయసులో సొంతంగా ఇల్లు కొన్నది నువ్వే నాయనా. అంతా బాగుంది గానీ చివర్లో ఇంకో మాట చెప్పింది, బాడుగ క్యాష్‌గా తీసుకుంటాడంట, ఇన్‌కమ్ టాక్స్ లెక్కల్లో చూపించే పని లేదంట, ఆఫీసులో ఎవరో చెప్పినారంట అని. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు, అందుకే ఇంత పొడుగు రాస్తా ఉండా, విసుక్కోకుండా చదువు.

బాడుగ మీద పన్ను ఎట్లా లెక్కేస్తారో ముందు చిన్న చిన్నవి చెప్పేస్తా. ఏడాది బాడుగలో నుంచి నువ్వు కట్టిన ఇంటి కందాయం, అదే ఇంటి పన్ను, తీసేస్తారు, ఆ ఏడాది నీ చేత్తో కట్టిందే లెక్క, బాకీ పెట్టింది లెక్కకు రాదు. ఏప్రిల్ 30 లోపల ఏడాదిది మొత్తం కట్టేస్తే మున్సిపాలిటీ వాళ్ళు 5 శాతం తగ్గిస్తారు కూడా. మిగిలిన దాంట్లో 30 శాతం ఒక్క బిల్లు కూడా అడగకుండా తగ్గిస్తారు, రంగులు, రిపేర్లు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ అన్నీ దాంట్లోనే, వాటికి వేరేగా ఏమీ రాదు. ఆ తర్వాత లోన్ వడ్డీ. వడ్డీ మాత్రమే, ఈఎంఐ మొత్తం కాదు. ఫ్లాటు చేతికి రాకముందు నువ్వు కట్టిన వడ్డీ ఉండాది చూడు, అది కూడా పోదు, 5 సమాన భాగాలు చేసి 5 ఏళ్ళు తగ్గించుకోవచ్చు, శానా మంది దీన్ని మరిచిపోతారు.

ఇప్పుడు మా సంగతి విను. 2013లో కోర్లగుంట ఇంటి మీద మిద్దె లేపినాం, బ్యాంకులో 10 లక్షలు తీసుకొని. పైన ఒక లెక్చరర్ వాళ్ళని పెట్టినాం, నెలకు 9 వేలు, ఒకటో తేదీ కవర్లో పెట్టి ఇచ్చేవాళ్ళు. మీ పెదనాయనకి జీతంలోనే పన్ను కటింగ్ అయిపోతా ఉన్నింది, ఈ 9 వేలు ఎవరికి తెలుస్తాదిలే అనుకున్నాడు. నేనూ అట్లే అనుకున్నా, ఆయన ఒక్కడి తప్పు కాదు. సంక్రాంతి అయినాక ఆ లెక్చరర్ వచ్చి, కాలేజీలో బాడుగ రసీదులు అడుగుతా ఉండారు మేడం, సార్ పాన్ నంబర్ కూడా కావాలి అన్నాడు. మంచి మనిషి, అడిగింది ఇచ్చినాం. నేనే రూపాయి రెవెన్యూ స్టాంపులు 12 తెప్పించి, గిన్నెలో నీళ్ళు పెట్టుకొని ఒక్కోటి వేలితో తడిపి అంటించినా, ఆయన సంతకం సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడేట్టు పెట్టినాడు. ఏడాదికి లక్ష దాటి బాడుగ కట్టే ఉద్యోగస్థులు హెచ్‌ఆర్‌ఏ, అంటే జీతంలో ఇచ్చే ఇంటి బాడుగ డబ్బు మీద పన్ను తగ్గింపు కోసం ఓనరు పాన్ ఇచ్చి తీరాలని, ఆ నంబరు పట్టుకొని మన రిటర్న్ చూస్తారని మాకు యాడ తెలుసు.

రెండేళ్ళకు రిజిస్టర్ పోస్టులో ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళ నోటీసు వచ్చింది. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. ఏ పన్నెండు గంటలకో నాకు మెలకువ వచ్చి చూస్తే పక్కన లేడు, పైకి పోతే పిట్టగోడ కాడ నిలబడి ఘాట్ రోడ్డు దీపాలకేసి చూస్తా ఉండాడు. ముప్పై ఏళ్ళు పిల్లోళ్ళకి అబద్ధం ఆడొద్దని పాఠం చెప్పినా కదే అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

తెల్లారి ఆడిటరు దగ్గరికి పోయినాం. ఆయన తెల్ల కాగితం తీసుకొని రాసినాడు. బాడుగ 1,08,000. మిద్దెకి పడే కందాయం 4,000 పోతే 1,04,000. దాంట్లో 30 శాతం 31,200 తీసేస్తే 72,800. ఆ ఏడాది మేము కట్టిన వడ్డీ 1,02,000. అంటే మాకు ఆదాయం లేదు, 29,200 నష్టం! దాన్ని జీతంలో తగ్గించుకొని ఉంటే 20 శాతం శ్లాబులో ఏటా 6 వేల దాకా మాకే మిగిలేది. కట్టాల్సింది ఏమీ లేదు సార్, మీకు రావాల్సిందే పోయింది అన్నాడు ఆడిటరు. వడ్డీ సర్టిఫికెట్టు, కందాయం రసీదు పెట్టి జవాబిస్తే నోటీసు ముగిసింది గానీ, అంతకు ముందు ఏడాదిది సరి చేసుకునే గడువు దాటిపోయింది. ఏమీ లేని దానికి దాచుకొని, అన్ని రాత్రులు నిద్ర పోగొట్టుకున్నాం.

నీ లెక్క కూడా వేసి చూసినా. బాడుగ 14 వేలు వస్తాదని మీ అమ్మ చెప్పింది, ఏడాదికి 1,68,000. కందాయం 6,000 అనుకో, 30 శాతం తీసేస్తే మిగిలేది 1,13,400. నీ లోన్ మీద ఈ ఏడాది వడ్డీనే రెండు లక్షలు దాటుతుందంట కదా, ఇంక దాచడానికి ఏముందిరా? కాకపోతే ఇన్‌కమ్ టాక్స్ కట్టేదానికి కొత్తది, పాతది అని రెండు పద్ధతులు ఉండాయి, కొత్త పద్ధతిలో ఉంటే బాడుగ మీద పన్ను పడదు గానీ ఆ నష్టం అక్కడితో పోతాది, జీతంలో తగ్గించరు, వచ్చే ఏడాదికీ రాదు. పాత పద్ధతిలో అయితే ఏడాదికి 2 లక్షల వరకు జీతంలో తగ్గించుకోవచ్చు, మిగిలింది 8 ఏళ్ళ దాకా ఇంటి ఆదాయంలో సర్దుకోవచ్చు. రెండు రకాలుగా లెక్క వేయించి చూసినాకే ఏదో ఒకటి పట్టుకో, పక్క సీటోడు చెప్పినాడని కాదు. మధ్యలో ఇల్లు ఖాళీగా ఉండిన నెలలకి బాడుగ చూపించే పని లేదు. కోడలి పేరు రిజిస్ట్రేషన్లోనూ లోన్లోనూ రెండిట్లో ఉంటేనే తన వాటా వడ్డీ తనకి వస్తాది, అది చూసుకో.

బాడుగ మాత్రం బ్యాంకులో వెయ్యమను. కోపంగా రాసినానని అనుకోకు నాయనా, మీ పెదనాయన ఇప్పటికీ పోస్ట్‌మ్యాన్ బండి గేటు కాడ ఆగితే చదివే పేపరు మడిచి పక్కన పెట్టేస్తాడు. నువ్వట్ల ఉలిక్కిపడితే నేను చూడలేను.

పాలు పొంగించే రోజు రెండు రోజులు ముందుగా చెప్పు, గుమ్మానికి మామిడాకులు మా చెట్టువే తెస్తా. బ్యాంకు వడ్డీ కాగితం చేతిలో పెట్టుకొని రా, పెదనాయన కొత్త నోటుబుక్కు అప్పుడే కొనిపెట్టినాడు.

మీ పెద్దమ్మ