జపాన్ బేస్‌బాల్ ఆటగాడికి ఉత్తరం రాయాలనుకుంటున్న మేనల్లుడికి

చిన్నా,

నీ మెసేజ్ చూశాను. హాన్షిన్ టైగర్స్ జట్టు అడ్రస్ ఒక్కటి దొరికితే చాలు, మిగతాది నేను చూసుకుంటానన్నావు. అడ్రస్ దొరకడం ఏమంత కష్టం కాదురా. కవరు అక్కడికి చేరాక ఏమవుతుందన్నదే అసలు సంగతి. దాన్ని ముందు చేతిలోకి తీసుకునేది ఆటగాడు కాదు, జట్టు ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగి. టైగర్స్ అభిమానులు మామూలు వాళ్లు కారు. 1985లో జట్టు గెలిచిన సంబరంలో కేఎఫ్‌సీ వాళ్ల కల్నల్ శాండర్స్ బొమ్మను తీసుకెళ్లి ఒసాకాలో దోతోన్‌బోరి కాలువలో పడేశారు. అది 2009లో గానీ పైకి రాలేదు! అలాంటి వాళ్లు రాసే ఉత్తరాల మధ్య నీది ఉంటుంది. అందుకని ఆ ఉద్యోగి పని నువ్వెంత తేలిక చేస్తే నీ కవరు అంత ముందుకు కదులుతుంది.

ముందు నువ్వు రాయబోయే ఆటగాడు ఇంకా ఆ జట్టులోనే ఉన్నాడా లేదా చూసుకో. ఇక్కడ జపాన్‌లో సెంట్రల్, పసిఫిక్ అని రెండు లీగులు, ఒక్కోదాంట్లో 6 జట్లు. లీగు వెబ్‌సైటులో ఇంగ్లీషు పేజీలు కూడా ఉన్నాయి, ఆటగాళ్ల జాబితా అక్కడే దొరుకుతుంది. చలికాలంలో జట్లు మారేవాళ్లు, అమెరికా వెళ్లిపోయేవాళ్లు ఎక్కువ. బంతులు విసిరే సాసాకి రోకీకి ఇప్పుడు తన పాత జట్టు చిబా లోట్టే అడ్రసుకు రాస్తే ఏం లాభం? 2025 నుంచి అతను లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌లో ఆడుతున్నాడు. ఒక్కో జట్టుకీ కింద నడిచే రెండో జట్టులో ఉన్న కుర్రాళ్ల మైదానం వేరే ఊళ్లో ఉండొచ్చు. సాఫ్ట్‌బ్యాంక్ హాక్స్ ఫుకువోకాలో ఆడితే, వాళ్ల రెండో జట్టు చికుగోలో ఉంటుంది. ఇక ఫిబ్రవరి 1 నుంచి ఎక్కువమంది ఒకినావా, మియజాకి శిక్షణ క్యాంపుల్లో ఉంటారు. కాబట్టి అతను ఎక్కడున్నాడో వెంటాడకుండా, అభిమానుల ఉత్తరాలు ఎక్కడికి పంపాలని జట్టు తన సైటులో రాసిందో అక్కడికే పంపు. ఆ పేజీ జపనీసులోనే ఉంటుంది, ఫోన్‌లో అనువాదం పెట్టుకుని చివరిదాకా చదువు. ఏవి తీసుకోరో కూడా సాధారణంగా అక్కడే ఉంటుంది. జట్టు జట్టుకీ నియమాలు వేరు.

ఇప్పుడు కవరు సంగతి. జపనీస్ అడ్రస్‌ను చేత్తో దించే సాహసం చెయ్యకు. సైటులోంచి కాపీ చేసి, కాస్త పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి అంటించు. పైన 7 అంకెల పోస్టల్ కోడ్, తర్వాత రాష్ట్రం, ఊరు, వీధి నంబర్లు, జట్టు పేరు, ఆఖరున ఆటగాడి పేరు. అంటే మనం రాసే వరసకి తలకిందులు. టైగర్స్ అంటే అందరూ ఒసాకా అనుకుంటారు గానీ, 1924 నాటి కోషియెన్ స్టేడియం ఉన్నది హ్యోగోలోని నిషినోమియాలో. పేరు రాసేటప్పుడు మన పద్ధతే, ఇంటిపేరు ముందు. పేరు చివర 'సామా' అన్న గౌరవపదం తప్పకుండా ఉండాలి. పక్కనే అతని జెర్సీ నంబరు వెయ్యి, ఒకే ఇంటిపేరుతో ఇద్దరుంటే తికమక ఉండదు. కింద జపాన్ అని ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాయి. అది మన పోస్టాఫీసు వాళ్ల కోసం.

లోపల ఒక్క పేజీ చాలు. పొట్టి పొట్టి జపనీస్ వాక్యాలు, కింద అదే ఇంగ్లీషులో. మీకు వీరాభిమానిని అని పేజీ నింపితే చదివేవాడికి ఏమీ మిగలదు. నువ్వు చూసిన ఒక్క ఆట, అందులో ఒక్క సంగతి రాయి. 2022 ఏప్రిల్ 10న సాసాకి పర్ఫెక్ట్ గేమ్ వేశాడు కదా, అంటే అవతలివాళ్లలో ఒక్కరినీ బేస్ చేరనివ్వలేదు. 19 సార్లు స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతి కొట్టనివ్వకుండా ఔట్ చేశాడు, అందులో 13 వరసగా. ఆ ఆట గురించి అతనికి రాయనివాళ్లు ఉండరు. ఆ రోజు ఆ బంతులన్నీ పట్టిన క్యాచర్ మత్సుకావా కో అప్పటికి 18 ఏళ్ల పిల్లాడు, హైస్కూల్ నుంచి ఆ ఏడే వచ్చాడు. నన్నడిగితే ఉత్తరం అలాంటివాడికి రాయాలి. పెద్ద స్టార్ వెనకాల ఉన్నవాడికి మన ఊరినుంచి ఒక కాగితం వస్తే, అది నిజంగా అతని చేతికి అందే అవకాశం ఎక్కువని నా నమ్మకం.

ఆటోగ్రాఫ్ కావాలంటే ముందు ఆ జట్టు ఒప్పుకుంటుందో లేదో చూడు. ఒప్పుకుంటే జవాబు కవరు పెట్టాలి. మన స్టాంపులు ఇక్కడ చెల్లవు కాబట్టి, ఇక్కడి స్టాంపులు ఇండియాకి సరిపడా అంటించి నేనే ఒక కవరు పంపుతాను. నీ దగ్గరున్న అరుదైన కార్డు మాత్రం అందులో పెట్టకు, వెనక్కి రాకపోతే ఏడుస్తావు. తినే వస్తువులు అసలే వద్దు. మీ అమ్మ ఆవకాయ ఎంత బాగున్నా సరే, పంపాలనిపిస్తే నాకు పంపండి.

జట్టుని ఏదైనా అడగాల్సి వచ్చి సైటులోని ప్రశ్నల ఫారం నింపేటప్పుడు టెన్షన్ పడకు. పేరుకి రెండు గళ్లుంటాయి, రెండోదాంట్లో నీ పేరు ఎలా పలకాలో కతకానా అనే జపనీస్ లిపిలో అడుగుతారు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే ఎర్రగా తప్పు చూపిస్తుంది. కతకానాలో ఉన్నా అక్షరం సగం వెడల్పుది అయితే అదీ ఒప్పుకోదు. జపాన్ ఫోన్ నంబరు, ఇక్కడి రాష్ట్రం పేరు తప్పనిసరి అంటే అక్కడితో ఆపెయ్, దొంగ వివరాలు పెట్టకు. జెర్సీలూ టవళ్లూ కొనాలంటే, ఇక్కడి చిరునామాకి తెప్పించి విదేశాలకి పంపే టెన్సో, బయ్యీ లాంటి సర్వీసులున్నాయి. వాళ్ల చార్జీలు ముందే లెక్కేసుకో.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. ఆటగాడి ఇల్లెక్కడ, అమ్మానాన్నలదే ఊరు అని వెతికి అక్కడికి రాయొద్దు. ఇన్‌స్టాగ్రామ్‌లో రోజూ మెసేజ్‌లు కొట్టి విసిగించొద్దు. జవాబు రాలేదని గుర్తుచేస్తూ రెండో ఉత్తరమూ వద్దు. కొత్త సీజన్‌లో కొత్త ఆట చూశాక, చెప్పాలనిపించేది ఉంటే అప్పుడు రాయి.

సీజన్ మార్చి ఆఖరులో మొదలవుతుంది, కాబట్టి ఇంకా టైముంది. నువ్వు చెప్పాలనుకున్న నాలుగు మాటలు తెలుగులో రాసి నాకు పంపు, జపనీసులో పెట్టి ఇస్తాను. పోస్టులో వేసేముందు కవరు ఫొటో ఒకటి పెట్టు, పేరు వరస సరిగ్గా ఉందో లేదో చూస్తాను. అన్నయ్యనీ వదిననీ అడిగానని చెప్పు.

అత్తయ్య
నిషికసాయి, టోక్యో